భుజం మీద చెయ్యి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓ సాయంత్రం, రైల్‌రోకో వల్ల మా రైలు హఫీజ్‌పేట్‌లో ఆగిపోయింది. ఆఫీసులో అలిసిపోయి, ఒళ్లో టెన్నిస్ రాకెట్‌తో, నొప్పెడుతున్న కుడి భుజం నొక్కుకుంటూ కూర్చున్నాను.

“ఎడమదిక్కు బంతి, గదే బ్యాక్‌హ్యాండ్, రెండు చేతులతోని కొడ్తవా?” అని ఎదుటి సీట్లో గులాబీ కండువా పెద్దాయన అడిగాడు.

తలూపాను. ఆంధ్రా యాస బయటపడుతుందని ఆ రోజుల్లో రైల్లో నోరు విప్పేవాణ్ణి కాదు.

ఆయన ఆట నేర్పడం అలవాటైనవాడిలా లేచి, నా చేత రాకెట్ పట్టించి, కుడి భుజాన్ని మెల్లగా గడ్డం కిందికి తిప్పాడు. “ఉత్త చేతులతోని కొడ్తే భుజం పోతది. నడుము, భుజాలు కలిసి తిరగాలె. గింత బిగబట్టినవేంది? ఏ ఊరు బిడ్డా?”

“కూకట్‌పల్లి,” అన్నాను, గుంటూరు మాట మింగేసి.

ఆయన అలసటగా నవ్వాడు. “ఇప్పుడు అందరు గదే చెప్తున్నరు. జర భుజం వదులు చెయ్యి.”

రైలు కదిలేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. ఇప్పటికీ ఎడమవైపు బంతి వస్తే, భుజం మీద ముందు ఆ బరువే తెలుస్తుంది.