మూడుదారుల్లో పారేసిన ఫోర్క్

2023లో, మా పాపకు ఇంకా రెండేళ్లు నిండకముందే, కడపలోని ఒక సైకిళ్ల షోరూంలో చేరాను. బీకాం చదివాను కాబట్టి బిల్లింగు నాకిచ్చారు. దాంతోపాటు వారంటీ పనులూ నా మీదే పడ్డాయి. బిల్లింగు అందరికీ తెలిసిందే. వారంటీ పనంటే ఏమిటో చేరేదాకా నాకూ తెలియదు. తయారీలో లోపం ఉంటే ఆ భాగాన్ని కంపెనీ ఉచితంగా మార్చి ఇవ్వాలి. కానీ లోపం తయారీదా, వాడకానిదా అని తేల్చేది కూడా కంపెనీయే. అందుకని బిల్లు, ఫొటోలు, విరిగిన భాగం అన్నీ పంపి అడగాలి. అలా అడగడాన్నే క్లెయిమ్ అంటాం. విరిగిన భాగం చేతిలో లేకపోతే అడగడానికే వీల్లేదు.

బడులు తెరిచే జూన్‌లో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆ రద్దీ తగ్గాక ఆగస్టులో ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవి అనే ఆవిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కమలాపురం దగ్గర పల్లె వాళ్లది. ట్రాలీ ఆటోలోంచి సైకిల్ దించారు. ముందు చక్రం విడిగా ఉంది, ఫోర్క్ లేదు. చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని పైన హ్యాండిల్‌తో కలిసే భాగమే ఫోర్క్. అమ్మాయి పేరు భార్గవి, ఎనిమిదో తరగతి. గడ్డం కింద ప్లాస్టర్ వేసి ఉంది.

"కొత్త ఫోర్క్ ఎయ్యండి మేడం, ఎంతయితాదో చెప్పండి" అంది లక్ష్మీదేవి.

జూన్‌లో మా దగ్గరే కొన్న సైకిల్. "డబ్బులెందుకమ్మా, వారంటీ ఉంది. పాత ఫోర్క్ ఏది?" అన్నాను.

తల్లీకూతుళ్లు మొహాలు చూసుకున్నారు.

"పారేసినాం" అంది లక్ష్మీదేవి.

"యాడ పారేసిందో చెప్పు మా" అని భార్గవి గొణిగింది.

అప్పుడు చెప్పింది. బడికి పోతుంటే హ్యాండిల్ ఒక్కసారిగా లూజైపోయి పిల్ల పడింది. ఊళ్లో మెకానిక్ ఫోర్క్ ఊడదీసి చూపించాడు. చక్రం దగ్గరి రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి, పైన గొట్టం అతుకు దగ్గర చీలి వేలాడుతోంది. లక్ష్మీదేవి అత్త ఓబుళమ్మ ఆ ఫోర్క్‌నే మనవరాలి చుట్టూ తిప్పి దిష్టి తీసి, నిమ్మకాయ ముక్కలతో సహా ఊరి బయట మూడుదారుల్లో పారేసి వచ్చింది. కొత్త సైకిల్ మీద ఊరందరి కళ్లూ పడ్డాయని ఆమె నమ్మకం.

నాకు నవ్వు రాలేదు. మా పాప అన్నం తినకపోతే నేనూ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పడేస్తాను. రోడ్డు మీద నిమ్మకాయ ముక్క కనిపిస్తే స్కూటర్ పక్కకు తిప్పుకుంటాను.

మా ఓనర్ మస్తాన్ అన్న సంగతి విని, "పాతది ల్యాకుంటే కంపెనీవాళ్లు ఒప్పుకోరు సుజాతమ్మా. మన స్టాకులోది ఒకటి ఏసి పంపియ్. పిల్ల ఇస్కూలుకు పోవల్ల గదా. ఈ క్లెయిమ్ తలనొప్పి మనకెందుకు?" అన్నాడు.

అలా చేయడం మా వ్యాపారంలో మామూలే. కస్టమర్ సంతోషంగా వెళ్తాడు, షాపు పేరు పోదు. భార్గవి సైకిల్‌కు ఆ రోజే కొత్త ఫోర్క్ బిగించాం. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇంకోటి. గట్టిగా దెబ్బ తగిలి విరిగితే ముందు కాళ్లు వంగాలి. ఇక్కడ కాళ్లు బాగుండి లోపలి గొట్టం చీలింది. ఆ గొట్టాన్ని స్టీరర్ ట్యూబ్ అంటారు. అది ఫ్రేము లోపల దాగి ఉంటుంది, చీలిక మొదలైనా బయటికి కనిపించదు. ఆ సైకిల్‌తో పాటు ఒకే లోడులో వచ్చిన వాటిని జూన్‌లో ఎందరో పిల్లలకు అమ్మాం.

"అన్నా, మిగతా పిల్లల సైకిళ్ల సంగతేంది?" అన్నాను.

"మిగతావి యాడ ఇరిగినాయమ్మా?"

"ఇరిగినాకనే తెలిసేదయితే ఎట్లన్నా?"

"నీకు అన్నీ భయాలే. సరే, ఆ ఫోర్క్ దొరికితే పంపుదాం. నేను ఎనకాడను" అన్నాడు.

నాకు భయాలెక్కువన్న మాట నిజమే. పాప నిద్రలో దగ్గినా లేచి కూర్చుంటాను. కానీ ఈసారి భయం ఊరికే వచ్చింది కాదని అనిపించింది. ఆదివారం పాపను మా అమ్మ దగ్గర వదిలి వాళ్ల పల్లెకు బస్సెక్కాను.

లక్ష్మీదేవి నన్ను చూసి కంగారుపడింది. పాత ఫోర్క్ కోసం వచ్చానని చెప్పాను. ఓబుళమ్మ మాత్రం వసారాలో వేరుశనక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే, "దానికోసరం కడప నుంచి వచ్చినావా? యినుప సామాను అంత కరువా మీకు?" అంది.

అయినా చోటు చూపించడానికి మాతో వచ్చింది. మూడు దారులు కలిసేచోట, కంపచెట్ల మొదట్లో ఫోర్క్ పడి ఉంది. పక్కనే ఎండిపోయిన నిమ్మకాయ చెక్కలు, ఎర్రనీళ్ల మరక. పాత ఇనుము ఏరుకునేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేదు. నేను చెయ్యి చాచాను.

"నీకు పిల్లోల్లుండారా?" అంది ఓబుళమ్మ వెనక నుంచి.

"ఒక పాప అవ్వా. రెండేళ్లు."

"అయితే ముట్టుకోగాకు."

చాచిన చెయ్యి అక్కడే ఆగింది. ఇది ఇనుము, అంతే అని మనసులో ఎంత చెప్పుకున్నా వేళ్లు ముందుకు పోలేదు. నిలబడే చెప్పాను, "అవ్వా, దీంతోపాటే వచ్చిన ఫోర్కులు ఇంకా శానామంది పిల్లల సైకిళ్లకు ఉండాయి. దీని అతుకులోనే లోపం ఉంటే వాళ్లూ పడతారు. దీన్ని చూపిస్తేనే కంపెనీవాళ్లు నమ్ముతారు."

"ఎవురి పిల్లోల్లు?"

"నాకూ తెలీదు అవ్వా. మీ పక్కూళ్లలోనూ ఉంటారు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని కంపల్లోకి వంగింది. లక్ష్మీదేవి "అత్తా, వద్దత్తా" అంటూనే ఉంది.

"నాకేమయితాది మే ఇంగ? సూడాల్సిందంతా సూసినా" అంటూ ఫోర్క్ బయటికి లాగి, ఇంటికి తెచ్చి పసుపునీళ్లతో కడిగి, యూరియా సంచిలో చుట్టింది. "సంచి పట్టుకో, దాన్ని ముట్టుకోగాకు. ఇంటికి పోతానే కాళ్లు కడుక్కోని బిడ్డనెత్తుకో" అని నా చేతికిచ్చింది. అలాగే చేశాను.

మర్నాడు షాపులో మస్తాన్ అన్న సంచి విప్పి చీలిక మీద టార్చి వేశాడు. కొత్తగా తెగిన ఇనుము నాలుగు రోజులు బయట పడి ఉంటే పైపైన ఎర్ర తుప్పు పట్టాలి. ఇక్కడ సగం అలాగే ఉంది, సగం లోపలి దాకా నల్లగా ఉంది. అంటే ఆ సగం ఆ రోజు తెగింది కాదు. వెల్డింగు ఒకవైపు అసలు పట్టనే లేదు. "యా అల్లా, దీని మీదనా పిల్ల ఇన్నాళ్లు తిరిగింది" అని స్టూలు మీద కూర్చుండిపోయాడు. క్లెయిమ్ ఆయనే దగ్గరుండి పంపించాడు.

గొట్టం మీద లాట్ నంబరు ఉంది. ఒకే విడతలో తయారైన వాటన్నిటికీ వేసే గుర్తు అది. కంపెనీవాళ్లు ముందు, బరువు ఎక్కువ వేశారా, గుంతలో పడిందా అని రకరకాలుగా అడిగారు. ఫోర్క్ చేరి, కోసి చూసుకున్నాక ఆ ప్రశ్నలు ఆగిపోయాయి. ఆ లాట్‌వన్నీ మార్చమని కొత్త ఫోర్కులు పంపారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఫోన్ చేసి ఊరికే మారుస్తామంటే ఎవరూ నమ్మరు. "మా సైకిల్ బాగుండాది లేమ్మా" అని పెట్టేస్తారు. టౌనువాళ్లు చాలామంది వచ్చారు. కమలాపురం వైపు నుంచి ఒక్కరూ రాలేదు. లక్ష్మీదేవికి ఫోన్ చేసి మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పమన్నాను.

రెండు రోజులకు షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక మూడు సైకిళ్లు, వాటి మధ్య ఓబుళమ్మ, ఇద్దరు తల్లులు.

"ఎంత చెప్పినా ఇనల్యా వీళ్లు. నా మనవరాలి గడ్డం సూపిచ్చినా, అప్పుడు ఎక్కినారు" అంది దిగుతూ.

మూడింటి ఫోర్కులూ ఊడదీశాం. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని అతుకు దగ్గర గోరు ఆనేంత చీలిక మొదలై ఉంది. ఆ సైకిల్ తొక్కే పిల్లవాడు రోజూ చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని బడికి పోతాడట. వాళ్లమ్మ ఆ చీలిక మీద వేలు పెట్టి తడుముతూ చాలాసేపు అక్కడే నిలబడింది.

"ఇప్పుడు చెప్పవ్వా, దిష్టా, అతుకా?" అని మస్తాన్ అన్న నవ్వాడు.

"రెండూ ఉండాయప్పా. దిష్టి నేను సూసుకుంటా. అతుకు మీరు సూసుకోండి" అంది ఓబుళమ్మ.

నా పనిని అంత సూటిగా చెప్పినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఒక మనిషికి నష్టం తీర్చడమే క్లెయిమ్ అనుకునేదాన్ని. ఎవరి పిల్లలో తెలియని పిల్లల కోసం కూడా అడగాల్సి ఉంటుందని అప్పుడు తెలిసింది. అడగాలంటే విరిగింది చేతికి రావాలి, అది రావాలంటే వాళ్ల నమ్మకంతో నేను తగవు పెట్టుకోకూడదు.

ఇప్పుడు కొత్త సైకిల్ అమ్మేటప్పుడు తాళం చేతికిస్తూ ఒక మాట చెబుతాను. "ఏదన్నా విరిగితే దిష్టి తీసుకోండి, తప్పేం లేదు. నిమ్మకాయ పారేయండి. విరిగింది మాత్రం మా దగ్గరికి తీసుకురండి." విని నవ్వుతారు. కానీ తెస్తున్నారు.