సందులో కంప్యూటర్ల డాక్టరు

మబాలె ఊరి బస్టాండు వెనక సందులో ఏ ఇంటర్నెట్ షాపు మొరాయించినా వాంగోలో అనే ఆయనకే కబురు వెళ్లేది. పెద్ద చదువేమీ లేదు, కరెంటు పని నేర్చుకుంటూ మధ్యలో మానేశాడు. మనిషి మాత్రం బంగారం. పిలిస్తే తింటున్న కంచం పక్కన పెట్టి వచ్చేవాడు. కంప్యూటర్లను బాగుచేసే సరంజామా అంతా ఆయన పెన్‌డ్రైవులో ఉండేది. ఆ సందులో పొరుగువాడు పెన్‌డ్రైవు అడిగితే లేదనకూడదు. అంటే ఉప్పు అడిగినవాళ్ల మొహాన తలుపు వేసినట్టే. అందుకని అది పొద్దస్తమానం షాపు షాపుకీ తిరిగేది.

ఆ వానాకాలం సందుకేదో పీడ పట్టుకుంది. ఏ పేజీ తెరిచినా జూదం పేజీ వచ్చి కూర్చునేది. వాంగోలో వైర్లు మార్చాడు, నెట్టు కంపెనీవాళ్లతో ఫోనులో పోట్లాడాడు, కొండమీది టవర్‌ని నానా తిట్లూ తిట్టాడు. పాపం, చేయని ప్రయత్నం లేదు. ఇవాళ బాగుచేస్తే రేపటికి మళ్లీ మొదటికే వచ్చేది.

అలాంటి రోజుల్లో నమోనో అనే అమ్మాయి వచ్చింది. నర్సింగు బడికి దరఖాస్తు పంపాలి. సాయంత్రం ఐదింటికి గడువు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, ఇక తీసుకోరు. ఫోనులో ఆ పేజీ తెరుచుకోదు. సర్టిఫికెట్లు స్కాన్ చేసి వాంగోలో తన పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు గానీ, సందులో ఒక్క కంప్యూటరూ ఆ పేజీ దాకా పోలేదు. మధ్యాహ్నమంతా ఆ తిప్పలతోనే గడిచిపోయింది.

చివరికి ఆయనకు మార్కెట్ దగ్గరి కకాయి గుర్తొచ్చింది. పెళ్లిపత్రికలు టైపు చేసే ముసలావిడ. పెన్‌డ్రైవు పెట్టే చోట ప్లాస్టరు అంటించి, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. పిసినారి అని సందంతా నవ్వుకునేది. నమోనోని వెంటబెట్టుకుని ఆవిడ షాపుకి పరుగెత్తాడు.

"పెద్దమ్మా, నీ నెట్టు ఆడుతోందా?"

"ఆడకేం? మీ సందులో రోగం నాకెందుకొస్తుంది?"

"నీ దగ్గరికి ఎవరొస్తారులే, రోగమైనా రావడానికి," అన్నాడు వాంగోలో. "ఆ ప్లాస్టరు కాస్త తియ్యి. ఈ పిల్ల కాగితాలు పంపాలి."

"తియ్యను. ఊరందరి మురికీ నాకొద్దు."

"నాది శుభ్రంగానే ఉంటుంది. దీంతోనే కదా అందరివీ బాగుచేస్తున్నాను."

కకాయి నమోనో మొహంలోకి చూసింది. ఆ పిల్ల చూపుకే లొంగిపోయింది. గొణుక్కుంటూ ప్లాస్టరు పీకేసింది.

బడి పేజీ ఠక్కున తెరుచుకుంది. నమోనో పేరు, ఊరు, మార్కులు నింపింది. సర్టిఫికెట్లు మాత్రమే మిగిలాయి. వాంగోలో పెన్‌డ్రైవు పెట్టాడు. తెర ఒక్కసారి మెరిసింది. బడి పేజీ పోయి జూదం పేజీ వచ్చింది.

వాంగోలో పెన్‌డ్రైవు లాగేశాడు. ఏం లాభం? ఇంతసేపూ బంగారంలా పనిచేసిన కంప్యూటరు అది. ఇప్పుడు దాంట్లోకి వెళ్లిందల్లా ఈ పెన్‌డ్రైవే. సందులో ఏ షాపు బాగుచేయడానికి వెళ్లినా ముందు పెట్టిందీ ఇదే. వైర్లదీ కాదు, టవర్‌దీ కాదు తప్పు. ఊరవతలి షాపుకి పరుగెత్తుదామన్నా టైము లేదు, ఆ కాగితాలున్నది ఈ పెన్‌డ్రైవులోనే. చేతకానితనం అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. అయినా చేతులు ఊరుకోలేదు. మూశాడు, తెరిచాడు, ఆపి మళ్లీ వేశాడు. కకాయి పీకేసిన ప్లాస్టరు తీసి మళ్లీ దాని చోటే అంటించింది. తిట్టినా బాగుండేది.

తెర మూలన గడియారం ఐదు దాటింది.

"నావల్లే, తల్లీ," అన్నాడు.

నమోనోకు ఆ మాట అర్థం కాలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఈ గడియారం ముందుందేమో, అన్నా. మీరు చెయ్యండి. మీ చేతిలో పడితే బాగవుతుందని అందరూ చెప్పే పంపారు," అంది.