మేక మేసిన చామంతులు

కోపం కూడా ఒక వయసు సొత్తేమో అనిపిస్తుంది నాకు. ఎనభైల్లో, మేం సత్తెనపల్లిలో ఉన్న ఆ రోజుల్లో, నాకున్నంత కోపం మా వీధిలో ఇంకెవరికీ ఉండేది కాదు. డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు, పెళ్లి కుదరలేదు. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తే చాలు, ఎవరో ఒకరు "ఏమ్మా, ఇంకా ఖాళీయేనా" అని అడిగేవాళ్లు. (ఇంటెడు అంట్లూ తోమేదాన్ని ఖాళీ అని ఎలా అంటారో వాళ్లకే తెలియాలి.) అందుకని ఆ ఏడాది నా ప్రాణమంతా పెరట్లోని చామంతుల మీద పెట్టాను. రోళ్లు పగిలే ఎండల్లో తల్లిమొక్కలు మాడిపోకుండా గోనెసంచులు తడిపి పందిరి వేశాను. వానలు పడ్డాక పిలకలు విడదీసి, జామచెట్టుకి అవతల ఎండ తగిలేచోట మడి కట్టి నాటాను. హైస్కూల్లో లెక్కల మాస్టారైన మా నాన్న "ఈ శ్రద్ధ చదువు మీద పెట్టుంటే ఫస్టు క్లాసు వచ్చేది" అన్నా పట్టించుకోలేదు. ఎండలు తగ్గి, ఊరి బయట పత్తిచేలు పూతకొచ్చి, పొద్దున్నే కాస్త చల్లగాలి తగిలే వేళకి మొక్కనిండా మొగ్గలే. దసరాకి అమ్మవారికి మా పెరటి పూలేనని వీధంతా చెప్పుకొచ్చాను.

దసరా ఇంకో వారం ఉందనగా, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మడి మధ్యలో మూలింటి మామ్మ మేక నిలబడి నములుతోంది. (మూలింటి మామ్మ అంటే వీధి చివర ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవంటారు గానీ, కావలసినవి బాగానే వినపడేవని నా అనుమానం.) ఒక్క మొగ్గ మిగల్లేదు, ఒక్క చిగురు మిగల్లేదు, అన్నీ మోళ్లే. ఆ మేక నన్ను చూసి పారిపోనైనా పారిపోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. దండెం తాడు విప్పి (ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడ్డాయి, దానికి అమ్మ చేత తిన్న తిట్లు వేరే) మేక మెడకు వేసి జామచెట్టుకి కట్టేశాను. మామ్మ వచ్చి తప్పయిపోయిందని నలుగురి ముందూ చెబితేగానీ విప్పనని అమ్మకీ నాన్నకీ తేల్చి చెప్పాను.

సాయంత్రం మామ్మ వచ్చింది. పెరటి గేటు బయటే నిలబడి లోపలికి తొంగిచూసి, "కట్టేశావా అమ్మాయ్, మంచిపని చేశావు. మోకాళ్ల నొప్పులతో దాని ఎనకాల తిరగలేక చస్తన్నా. చూడి మేక, పస్తు పెట్టబాకు. సుబాబుల్ ఆకైతే ఇష్టంగా తింటది" అని చెప్పి, నేను నోరు తెరిచేలోపే వెళ్లిపోయింది.

కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెట్టకూడదని అమ్మ పట్టుబట్టింది. ఇక రోజూ కాలవగట్టుకి వెళ్లి సుబాబుల్ కొమ్మలు విరిచి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చాను. "విప్పేస్తే పోతుంది కదే" అన్నాడు నాన్న. విప్పనన్నాను. ఆ మర్నాడే మేక తాడు అందినంత మేరా మెడ సాచి, ఆయన పెరటి అరుగు మీద పెట్టిన పరీక్ష పేపర్లలో కొన్ని తినేసింది. "సున్నాలొచ్చిన వాళ్లవి తిన్నా బాగుండేది" అని ఆయన నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. మామ్మ మాత్రం ఆస్పత్రిలో చుట్టాన్ని పలకరించినట్టు రోజూ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేది. "తప్పయిందని చెప్పండి మామ్మగారూ" అని నేను అరిస్తే, "ఏం చేసినా తప్పట్లేదమ్మా ఈ నొప్పులు" అనేది.

దసరా ముందురోజు తెల్లవారుతుండగా మేక ఒకటే అరుపు. నేనే పరుగెత్తి మామ్మని లేపుకొచ్చాను. ఆవిడ నా మడిలోనే చతికిలబడి, "ఏంది అట్టా చూస్తావ్, పాతగుడ్డ తే" అని కసిరింది. పాత ఓణీ ఇచ్చాను. రెండు పిల్లలు పుట్టాయి. ఒకదాన్ని తుడిచి నా ఒళ్లో పెట్టింది. అది వెచ్చగా వణుకుతోంది. ఆ వణుకు తగ్గేదాకా పొదువుకుని, ఆ తర్వాత నా కోపం నాకు గుర్తొచ్చి "మరి నా పూలో?" అన్నాను.

"ఏం పూలు?" అంది మామ్మ, మేకని ఇంటికి తోలుకెళ్లడానికి తాడు విప్పుతూ.

ఆ దసరాకి అమ్మవారికి బజారు పూలే తెచ్చాం. కానీ ఆ మోళ్లు ఒక్కోటీ నాలుగైదు కొమ్మలు వేసి, కార్తీకం వెళ్లాక మడంతా ఆకు కనపడకుండా పసుప్పచ్చగా పూశాయి. మామ్మ సజ్జ పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేసింది.

"మా మేక తలలు కొరకబట్టే గదా ఇంత గుబురొచ్చింది" అంటూ కొయ్యడం మొదలెట్టింది.

వీధంతా వినపడేలా అరిచాను. "మీ మేకకి పూలు పెట్టిందీ నేనే, ఆకు మోసిందీ నేనే, పురుడు పోసిందీ మా ఇంట్లోనే. ఇంకా మీకు వాటా కూడానా?"

మామ్మ అంతా ఓపిగ్గా విన్నది. (చక్కగా వినపడిందన్నమాట.) "అంతేగా మరి. పురుడు పోసినోళ్లంటే పుట్టింటోళ్లేగా. వాళ్లనిగాక ఇంకెవర్ని అడుగుతాం" అంది, చెయ్యి ఆపకుండా.

సజ్జ నిండాకే వెళ్లింది. ఈమధ్య నాకు కోపం వచ్చినా కుర్చీలోంచి లేచేలోపే ఎదుటివాళ్ల పక్షం కూడా కనిపించి చల్లారిపోతోంది. అందరూ నన్ను నెమ్మదస్తురాలంటున్నారు. కావచ్చు. కానీ ఎవరితోనైనా సర్దుకుపోయి వచ్చిన రోజున మాత్రం, నెత్తిన సుబాబుల్ మోపుతో, బుసలు కొడుతూ, కాలవగట్టు మీద నడిచొస్తున్న ఆనాటి ఆ పిల్లని తలుచుకుంటే నాకెంతో ముద్దొస్తుంది.