వాడుకోని బీమా

మా ఆయన విల్ఫ్ ఇంగ్లండులోని హాలిఫాక్స్ కొండదారుల్లో పదవీ విరమణ దాకా బస్సు నడిపాడు. స్టాపులో వరస తప్పి ముందుకొచ్చినవాళ్లని ఎక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి మా అమ్మను కూడా వెనక్కి పంపాడు. పోయేదాకా ఆవిడ ఆ సంగతి మరచిపోలేదు. ఇక ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. హోటల్లో చేప మాడిపోయినా చాలా బాగుందనే చెప్పేవాడు. బయటికొచ్చాక మాత్రం ఇంటిదాకా ఆ చేప గురించే నాకు వినిపించేవాడు.

అలాంటి మనిషి బాయిలర్ బీమా మాత్రం నెల తప్పకుండా కట్టేవాడు. చలికాలంలో బాయిలర్ ఆగితే దాని వేడినీళ్లతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లన్నీ చల్లబడి ఇల్లు మంచుగడ్డవుతుంది. బీమా ఉంటే ఒక్క ఫోనుకి మనిషి వచ్చి బాగుచేస్తాడు. విల్ఫ్ ఆ ఫోను ఏనాడూ చెయ్యలేదు. ఒక ఏడాది అది మొరాయిస్తే రెండు స్వెటర్లు తొడుక్కుని కూర్చున్నాడు. ఎక్కడో ముసలివాళ్లు వణుకుతుంటారు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లనీ అన్నాడు. మనకూ అరవై దాటాయయ్యా అంటే, నేనేదో అబద్ధమాడినట్టు చూశాడు.

2010 డిసెంబరులో వీధంతా గాజులా గడ్డకట్టిపోయింది. మా అమ్మాయి లొరేన్‌కి అప్పటికి కొన్ని వారాల కిందటే నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. హెటీ అని పేరు పెట్టుకున్నాం. అన్నాళ్లూ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే పెరిగింది. ఆ నెలలో ఒక రోజు సాయంత్రం పిల్లని ఇంటికి పంపిస్తామన్నారు, కానీ వెళ్లే ఇల్లు వెచ్చగా ఉండాలి, లేకపోతే క్రిస్మస్ పండగ వెళ్లేదాకా ఇక్కడే ఉంచుతామన్నారు. లొరేన్ ఫ్లాటు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి మా ఇంటికే రమ్మన్నాం. పైగదిలో ఊయల కూడా బిగించాడు విల్ఫ్.

ఆ రోజు పొద్దున నేను లేచేసరికి గదిలో నా ఊపిరి నాకే పొగలా కనిపించింది. వంటింట్లో బాయిలర్ మీద ఎర్రదీపం వెలుగుతోంది.

బీమా ఆయన పేరు మీదే ఉంది. నంబరు కలిపి ఫోను ఆయన చేతిలో పెట్టాను. అటునుంచి ఒక అమ్మాయి, ఇంట్లో పసిపిల్లలు గానీ పెద్ద వయసువాళ్లు గానీ ఉన్నారా అని అడిగింది.

"లేరు తల్లీ. మాకేం ఫరవాలేదు," అన్నాడు విల్ఫ్.

అయితే మూడు రోజుల్లో మనిషిని పంపుతామంది. ఆయన రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

"మరి హెటీ?" అన్నాను.

"హెటీ ఇంకా ఇంట్లోకి రాలేదుగా. అడిగింది ఇంట్లో ఉన్నవాళ్ల గురించి."

అంతలో ఆసుపత్రి నుంచి లొరేన్ ఫోను. నేను తియ్యలేదు, ఆయన్నే తియ్యమన్నాను. "నాన్నా, ఇల్లు వెచ్చగా ఉందా అని నర్సు అడుగుతోంది," అంటోంది అది. విల్ఫ్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. అబద్ధం చెప్పడం కూడా ఆయనకు చేతకాదు మరి. చివరికి, "మీరొచ్చేసరికి ఉంటుంది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి బీమా కంపెనీ వ్యాను కనిపించింది. వీధి దిగువన ఉండే ముసలావిడ ఎడ్నా ఇంటి ముందు ఆగి ఉంది. విల్ఫ్ కోటు కూడా తీసుకోకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఆ మంచు మీద పరిగెత్తాడు. జారాడు, ఎవరిదో గేటు పట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ పరిగెత్తాడు. కోటు పట్టుకుని వెనకే నేను.

ఎడ్నా తలుపు తీసి, పైనుంచి కిందిదాకా చూసి, "ఏం విల్ఫ్, బస్సు తప్పిపోయిందా?" అంది.

లోపల నవీద్ అనే నడివయసు మెకానిక్ సామాను సర్దుకుంటున్నాడు. అతని ముందు విల్ఫ్ తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆయన బదులు నేను చెప్పబోతే ఎడ్నా నా చెయ్యి పట్టి ఆపింది.

"నేను వరస తప్పుతున్నాను, నాకు తెలుసు," అన్నాడు. "కానీ మా మనవరాలు ఇంటికొస్తోంది బాబూ. మా ఇంటికి రావాలి నువ్వు."

ఆఫీసు పంపకుండా రావడం కుదరదనీ, మళ్లీ ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పమనీ అన్నాడు నవీద్. ఎడ్నా ఫోను అందించింది. మళ్లీ అదే ప్రశ్న. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇందాక తప్పు చెప్పాను తల్లీ. ఉన్నారు. సాయంత్రానికి నాలుగు పౌన్ల బరువున్న పసిపిల్ల వస్తోంది." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "నాకూ అరవై ఆరు," అన్నాడు.

ఎడ్నా పకపకా నవ్వింది. అంతలోనే నవీద్ జేబులో ఫోను టింగుమంది. చూసుకుని, "పదండి పెద్దాయనా, మీ ఇల్లే," అన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే విల్ఫ్ టీకి కెటిల్ పెట్టాడు. పనికొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. నవీద్ పెరట్లోకి వెళ్లి, గోడలోంచి బాయిలర్ నీళ్లు బయటికి పోయే సన్నగొట్టం తడిమి చూశాడు. అందులో నీళ్లు గడ్డకట్టి దారి మూసుకుపోయింది, బాయిలర్ ఆగింది అందుకే. టీ తరవాత, ముందు ఆ కెటిల్ ఇలా ఇవ్వండన్నాడు. అందులో చన్నీళ్లు కలిపి కొద్దికొద్దిగా గొట్టం మీద పోశాడు. లోపల ఏదో జారిన చప్పుడైంది. వంటింట్లో బాయిలర్ గుప్పుమని అంటుకుంది. గోడ మీది చిమ్నీలోంచి తెల్లటి ఆవిరి పెరట్లోకి ఎగిసింది.

ఇక విల్ఫ్‌ని పట్టడం నావల్ల కాలేదు. మేడ మీదికీ కిందికీ పరిగెడుతూ, ఒక్కో రేడియేటర్ ముట్టుకుని, "ఇదొచ్చింది, ఇదీ వచ్చింది," అని కేకలేస్తూ తిరిగాడు. సాయంత్రం లొరేన్ వచ్చేసరికి ఇల్లు ఎంత వేడెక్కిందంటే, ఆయన బనీనుతో తలుపు తీశాడు. పిల్లని ఎత్తుకుని వీధి వైపు తిరిగి, దిగువన కిటికీలో ఉన్న ఎడ్నాకి చూపించాడు.

విల్ఫ్ పోయాక రెండో చలికాలం ఇది. మొన్న జనవరిలో బాయిలర్ మళ్లీ ఆగింది. బీమా ఇప్పుడు నా పేరు మీద ఉంది. ఫోను చేశాను. అదే ప్రశ్న, గొంతు మాత్రం వేరే అమ్మాయిది. లేరు తల్లీ, మాకేం ఫరవాలేదు అనే మాట నా నాలుక మీదికొచ్చేసింది. ఇన్నేళ్లు ఆయనతో కాపురం చేశాక ఇంకేం వస్తుంది.

"ఉన్నారు," అన్నాను. "నేనున్నాను."

ఫోను పెట్టేసి, కెటిల్‌లో నీళ్లు నిండా పోశాను. గొట్టానికీ, టీకీ.