చర్చలు సఫలం

పలమనేరు బస్టాండు టీకొట్టులో రేడియో వార్తలు వస్తున్నాయి. నా పక్కన బల్లమీద కూర్చున్న పెద్దామె పాలు లేని టీ చెప్పి, చిన్న బెల్లంముక్క అడిగి అరచేతిలో పెట్టుకుంది. కాస్త బెల్లం కొరికి, ఒక గుక్క టీ తాగుతోంది. అలా తాగేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

నా చూపు కనిపెట్టి, "సిలోను టీతోటల్లో ఇట్లే తాగుతాం నాయనా. మా తాత ఈడి నుంచే ఆడికి పోయినాడు. నేను ఆడనే పుట్టినాను," అంది.

ఇంతలో వార్తల్లో శ్రీలంక పేరు వినిపించింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏం సెప్తా ఉండారు?"

"ఆడ గొడవలు కదమ్మా. మన సర్కారూ వాళ్ల సర్కారూ మాట్లాడుకుంటా ఉండాయంట. ఇంక అంతా సర్దుకుంటుంది," అన్నాను. దేశాలు మాట్లాడుకుంటే మంచే జరుగుతుందని గట్టిగా నమ్మే వయసు నాది.

ఆమె నావైపు జాలిగా చూసింది.

"మాట్లాడుకుంటేనే నాకు బయం నాయనా. ముందొకతూరి ఇట్లే మాట్లాడుకుని, ఇంతమంది మీకు, ఇంతమంది మాకు అని మమ్మల్ని పంచుకున్నారు. నన్నూ మా ఆయన్నూ ఈడికి పంపించినారు. పెండ్లయిన నా కూతురు వాళ్ల వంతుకు పోయింది. పడవెక్కేటప్పుడు సూసిందే కడాకరు."

చిత్తూరు బస్సు వచ్చింది. ఆమె మిగిలిన బెల్లాన్ని కొంగున ముడేసుకుని లేచింది. గ్లాసులో సగం టీ అలాగే ఉండిపోయింది.

ఇప్పటికీ ఏవో రెండు దేశాల చర్చలు సఫలమయ్యాయని రేడియోలో చెబితే, ఎవరి కూతురు ఎవరి వంతుకు పోయిందో అనుకుంటాను.