తుంగచాప మీద రాక్ కచేరీ

నూకాలమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు ఎందుకంటే, అనకాపల్లిలో నా మాటకున్న విలువ నాకు తెలుసు. కొండకర్ల ఆవలో పడవ మీద పోతుంటే ఒక చేప ఎగిరి నా జేబులో పెన్ను పట్టుకుపోయిందనీ, మర్నాడు అదే చోట క్యాప్ మాత్రం తిరిగి ఇచ్చి వెళ్ళిందనీ ఇరవై ఏళ్ళ కిందట చెప్పాను. జనం ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఈసారి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఈ ఉదయం మా ఆవిడ వడియాలు పెడతానంటే డాబా మీద తుంగచాప దులిపాను. దాని అంచు మడతలోంచి ఒక ఆకుపచ్చ కాగితం పట్టీ రాలిపడింది. కచేరీకి వెళ్ళేవాళ్ళ ముంజేతికి గేటు దగ్గర అంటిస్తారే, అది. చెమటకి అక్షరాలు అలికిపోయాయి గాని ఎక్కడా చిరగలేదు. కుట్టు విప్పినంత ఓపిగ్గా ఎవరో ఊడదీశారు. అంత ఓపిక మా వంశంలో ఒక్కరికే ఉంది, మా అక్కకి.

అక్కకి అరవై ఒకటి. గవరపాలెంలో ఇంటి ముందు గదే ఆమె దుకాణం. ముప్పై ఎనిమిదేళ్ళ పాటు కాలితో తొక్కే మిషన్ మీద ఈ ఊరి జాకెట్లలో సగం తనే కుట్టింది. పెళ్ళిలో ఆడవాళ్ళు అటు తిరిగి నిలబడితే, ముఖాలు చూడకుండానే, వీపుల్ని బట్టి ఎవరు ఎవరో వరసగా పేర్లు చెప్పగలదు. తొక్కి తొక్కి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. బావ జాలిపడి మిషన్‌కి మోటారు పెట్టించాడు. చెరకు కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి కదా, ఏ కష్టానికైనా ఏదో ఒక యంత్రం ఉంటుందని ఆయన నమ్మకం. మోటారు పెట్టిన మొదటి నెలలోనే అక్క కుట్టు వంకర పోయింది. కాలు తొక్కుతున్నప్పుడు వచ్చే టకటకలో ఆమె చేతికి ఒక లెక్క ఉండేదట. మోటారుకి లెక్క లేదు, జుయ్‌మని ఒకటే ఏడుపు. లెక్క కోసం అక్క ఫోన్‌లో పాటలు పెట్టుకుంది. భక్తి పాటలకి చంక దగ్గర కుట్టు సాగిపోయింది. సినిమా పాటలకి పనే ఆగిపోయింది, ఎందుకంటే కత్తెర పట్టుకుని అలా వింటూ కూర్చునేది. ఒకరోజు పాట అయిపోయాక ఫోను తనంతట తనే ఇంకోటి అందుకుంది. గిటారు గీరింది. డ్రమ్ములు మొదలయ్యాయి. ఆ డ్రమ్ముల వేగం సరిగ్గా అక్క పాదం వేగం.

నేను ఆ మధ్యాహ్నం వాళ్ళ వీధిలో అడుగుపెట్టేసరికి కిటికీ చువ్వలు జిమజిమలాడుతున్నాయి. లోపల అక్క తల ఊపుతూ ఎవరిదో చెయ్యి కుడుతోంది. జాకెట్టు చెయ్యి.

“ఏటక్కా ఈ గోల?” అన్నాను.

“గోల కాదురా. ఇది నా కాలు,” అంది, తలెత్తకుండా.

ఆ తరవాత దుకాణానికి ఒక పద్ధతి ఏర్పడింది. బడి యూనిఫారాలకి వేగంగా దంచే పాటలు, పెళ్ళి జాకెట్లకి గిటారు నెమ్మదిగా మూలిగే పాటలు, ఫాల్సు కుట్టడానికి మధ్యరకం. ఒకసారి తొందరలో పెళ్ళికూతురి జాకెట్టు వేగం పాటలకి కుట్టేసిందనీ, ఆ పిల్ల పీటల మీద ముహూర్తం వరకూ భుజాలు ఎగరేస్తూనే ఉందనీ వీధిలో చెప్పుకున్నారు. అది నేను కళ్ళారా చూడలేదు కాబట్టి నా ఒట్టు కిందకి రాదు. బావ మాత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి మొర పెట్టుకునేవాడు. “పెళ్ళికీ బేండే, సావుకీ బేండే. ఇప్పుడు జాకెట్టుకీ బేండేనా బామ్మర్దీ? నాను ఎక్కడికి పోవాల?” అని. ఎక్కడికీ పోయేవాడు కాదు. అరుగు మీద ఆయన మడమ కూడా ఆడుతూ ఉండేది. అడిగితే తిమ్మిరి అనేవాడు.

ఇంతవరకూ సరదా. కానీ మోకాళ్ళు సరదాగా లేవు. రెండూ మార్చాల్సిందేనని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. మారిస్తే నిలబడొచ్చు, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, నేల మీద కూర్చోవడం మాత్రం మర్చిపోవాలన్నాడు. అక్క అక్కడే అడ్డం తిరిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆమె గుడ్డ కత్తిరించేది నేల మీదే, భోంచేసేది నేల మీదే, కోపం వస్తే అలిగి కూర్చునేది కూడా నేల మీదే. బల్ల మీద కత్తిరించుకోవచ్చు కదా అంటే, “బల్ల మీద గుడ్డ మాటినదురా,” అనేది. ఆ రెండేళ్ళలో ఆమె ముందు బజారుకి వెళ్ళడం మానేసింది. తరవాత వీధి చివర గుడి మానేసింది. ఆ తరవాత డాబా మెట్లు. ఇలా ఒక్కొక్కటీ మానుకుంటూ పోతే వచ్చే ఏడాదికి అక్కకి మిగిలేది మంచమే. నేను దేన్నైనా నవ్వుతాలుగా చెప్పేసే మనిషిని. ఈ ఒక్క వాక్యాన్ని అలా రాయలేకపోతున్నాను.

పోయిన చలికాలంలో, అక్క ఫోన్‌లో ఎక్కువగా మోగే ఆ అయిదుగురి బృందం విశాఖ వస్తోందని తెలిసింది. అక్క ఎన్నడూ ఇది కావాలని నోరు తెరిచి అడగలేదు. ఆ రోజు కూడా సూదిలోకి దారం ఎక్కిస్తూ, దారంతో చెబుతున్నట్టు, “ఆ అయిదుగురూ విశాపట్నం వత్తన్నారట,” అంది. మర్నాటికి మూడు టికెట్లు తెచ్చాను. బావ రానన్నాడు. రానంటూనే ఏర్పాట్లన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇక్కడ బావ గొప్పతనం ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో అమ్మవారి జాతర రోజుల్లో వీధి వీధికీ ఒక స్టేజీ ఉంటుంది. మంచి చోటు కావాలంటే మధ్యాహ్నమే వెళ్ళి స్టేజీ ముందు చాప పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటికలు పెట్టి వచ్చేయాలి. ఇక ఆ చోటు మనదే. సాయంత్రం ఎంత జనం వచ్చినా పరిచిన చాప మీద ఇంకొకరు కాలు పెట్టరు. ఈ విద్యలో బావ నలభై ఏళ్ళుగా వాళ్ళ వీధికి పెద్ద. “ముందుగా ఎల్లి పరిసీసుకోవాల. ఆలీసెం సేత్తే ఈపులు సూసుకోవాల,” అని ఆయన తేల్చేశాడు. రాక్ కచేరీలో చాప ఏమిటని నాకూ తోచలేదు. కచేరీ అంటే కూర్చుని వినేదే కదా. అయిదున్నరకి మొదలయ్యే దానికి రెండు గంటలకే నా పాత కారులో తుంగచాప, నాలుగు ఇటికలు, క్యారేజీలో పులిహోర వేసుకుని మైదానం గేటు దగ్గర దిగాం.

గేటు దగ్గరి కుర్రవాడు పులిహోర తీసి పక్కన పెట్టించాడు, ఇటికలు చూసి హడలిపోయాడు. చాపని మాత్రం ఏం చేయాలో అతనికి తోచలేదు. కూడని వస్తువుల జాబితా బోర్డు మీద పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. అందులో చాప లేదు.

“అంకుల్, లోపల అంతా స్టాండింగే,” అన్నాడు.

“అలాగేనమ్మా, నువ్వు నిల్సో. మేం కూకుంటాం,” అన్నాడు బావ.

స్టేజీకి పది అడుగుల దూరంలో, నట్టనడుమ, చాప పరిచాం. ఇటికలకి బదులు మూలకొకరం కూర్చుని, నాలుగో మూల మీద మంచినీళ్ళ సీసా పెట్టాం. చెప్పులు అంచున వరసగా విడిచాం. నాలుగు దాటాక పిల్లలు రావడం మొదలైంది. నల్ల చొక్కాలు, రంగు రంగుల జుట్లు, చెవులకీ కనుబొమలకీ రింగులు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ముక్కుకి రింగు పెట్టుకున్న ఒక అమ్మాయి అటు దాటాల్సి వచ్చి, చాప దగ్గర ఆగి, బూట్ల లేసులు విప్పి చేత్తో పట్టుకుని, “సారీ ఆంటీ,” అంటూ దాటింది. ఆమెని చూసి వెనకవాళ్ళూ విప్పి, చాప అంచున పెట్టి కింద కూర్చున్నారు. కాసేపటికి మా చుట్టూ నలభై జతల బూట్లు. దూరం నుంచి చూసేవాళ్ళకి లోపల దేవుడున్నాడేమో అనిపించి ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చి అక్క పక్కనే కూర్చుంది. ఆమె సంచి పట్టీ తెగబోతుంటే అక్క చేతిసంచిలోంచి సూదీదారం తీసి కుట్టిపెట్టింది. ఆ తరవాత వరసగా ఒక జేబూ, రెండు చేతులూ, ఒక కాలరూ అక్క ముందుకొచ్చాయి.

అయిదున్నరకి దీపాలు ఆరి, డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. ఆ దెబ్బ చెవికి కాదు, నేరుగా రొమ్ముకి తగిలింది. రెండో దెబ్బకి బావ కట్టుడు పళ్ళు నోట్లోనే తాళం అందుకున్నాయి. అక్క మెళ్ళో పుస్తెలు గలగలలాడాయి. సీసాలో నీళ్ళు వలయాలు వలయాలుగా ఊగాయి. అందరూ ఒక్క ఊపున లేచి ముందుకు నడిచారు. చాప మీద ఒక్క అడుగు పడలేదు, అది వేరే మాట. మా ముందు మాత్రం ఆరేడు వరసల జనం గోడ లేచింది. కూర్చున్న మాకు స్టేజీ లేదు, పాడేవాడు లేడు. గంటసేపు అక్క చూసిన కచేరీ అంతా జీన్స్ ప్యాంట్ల వెనక జేబులే. “ఈడిది రెండు వరసల కుట్టు, గట్టిది. ఆడిది ఉత్త అంటింపు,” అని నా చెవిలో అరుస్తూనే ఉంది. నవ్వుతూనే అరిచింది గాని, మెడ సాచి చూస్తూనే ఉంది.

అప్పుడు ఆ పాట మొదలైంది. అక్క ఫోను తనంతట తను పాడిన మొట్టమొదటి పాట, అక్క పాదం వేగం పాట. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. “తమ్ముడా, నన్ను లేపు.” లేపాను. లేచింది. ఇరవయ్యేళ్ళ పిల్లలా లేచి, చెంగు బొడ్లో దోపి, పాట చివరంటా నిలబడింది. నిలబడ్డమేమిటి, ఎగిరింది. పాడేవాడు చూసి మైకు ఇటు చూపించాడు. డ్రమ్ములాయన పుల్లలు పైకెత్తి వేగం సరిపోయిందా అని సైగ చేశాడు. కాస్త తగ్గించమని అక్క చేత్తో చూపించింది. తగ్గించాడు. మైదానం మైదానమంతా ఈల వేసింది.

తిరుగు ప్రయాణంలో లంకెలపాలెం దాటాం. బావ వెనక సీటులో చాపచుట్టని వాటేసుకుని నిద్రపోతున్నాడు. అక్క అద్దంలోంచి బయటికి చూస్తూ, “రేపు ఆ డాక్టరుకి ఫోన్ సెయ్యి. రెండూ మార్సీమని సెప్పు,” అంది.

“మరి గుడ్డ కత్తిరించడం?”

“బల్ల సేయించు.”

“బల్ల మీద గుడ్డ మాటినదన్నావు?”

“ఇంటాది. దానికీ నేర్పుతాను,” అంది.

బల్ల కాళ్ళు ఏటికొప్పాకలో తిప్పించాను. బొమ్మలు చేసే ఆయన అలవాటు కొద్దీ వాటికి ఎర్రా పసుపూ లక్క పూసేశాడు. ఇప్పుడు అక్క బల్ల ఎవరికైనా ఉయ్యాలలా కనిపిస్తుంది. ఒక నెల తేడాలో రెండు మోకాళ్ళూ మార్చారు. మొదటి వారం నొప్పికి నర్సుని తిట్టింది, రెండో వారం నర్సు జాకెట్టు భుజం సరిగా కుదరలేదని తిట్టింది. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

ఇక నూకాలమ్మ తల్లి ముందు నేనొక మాట ఒప్పుకోవాలి. అక్క లేచి నిలబడ్డ భాగం నేను కల్పించాను. అక్క లేవలేదు. నేను పట్టుకుంటే సగం వరకూ వచ్చింది, అక్కడ మోకాళ్ళు బిగుసుకుపోయాయి, దభీమని చాప మీద కూలబడింది. ఏడవలేదు. కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది, అంతే. ముక్కు రింగు అమ్మాయి అది చూసింది. ముందున్న పిల్లాడి భుజం తట్టి ఏదో చెప్పింది. వాడు కూర్చున్నాడు. వాడి ముందువాడు కూర్చున్నాడు. చెరకు కొట్టేటప్పుడు మడి తెరుచుకున్నట్టు, వరస వెంట వరస అందరూ మట్టిలో కూర్చున్నారు. స్టేజీ కనిపించింది. అక్క పాడేవాణ్ణి చూడలేదు. డ్రమ్ముల వెనక బక్కపల్చటి మనిషి కుడి పాదం ఆడుతుంటే, దాన్నే చూసింది. అర నిమిషం కూడా అయి ఉండదు. తరవాత చేతులు రెండూ ఊపుతూ అరిచింది. “లెగండి నానా. ఈ పాటకి కూకుంటారేటి? నా కోసం కూకోకండి, లెగండి.” లేచారు. మళ్ళీ వెనక జేబులే. మిగిలిన పాటంతా అక్క తల వంచుకుని, అరిచేత్తో చాప మీద తాళం కొడుతూ వింది. డాక్టరుకి ఫోన్ చేయించింది ఆ పాట కాదు. అంతమందిని కూర్చోబెట్టానన్న సిగ్గు.

నిజమే బాగుంటే అబద్ధం ఎందుకు రాశావని అడుగుతారేమో. అక్క కూలబడ్డం రాయడానికి మొదట నాకు చెయ్యి రాలేదు. పైగా అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. నిన్న సాయంత్రం అక్క చేతికర్ర లేకుండా వీధి చివరికి వెళ్ళి వచ్చింది. ఈ ఉదయం ఆ పాట మొదటి నుంచి చివరిదాకా బల్ల ముందు నిలబడి ఒక చీర అంచు కుట్టింది, నేను అరుగు మీద నుంచి చూశాను. వచ్చే చలికాలంలో ఆ అయిదుగురూ మళ్ళీ వస్తున్నారు. నేను చేసిన తప్పల్లా ఆరు నెలలు ముందుగా రాసేయడం. కొన్ని సంగతులు జరిగాక రాస్తాం, కొన్ని జరిగి తీరతాయని తెలిసి రాస్తాం. ఆ మధ్యలో ఉన్న నాలుగు నెలలకో ఆరు నెలలకో మా ఊరివాళ్ళు అబద్ధమని పేరు పెట్టారు.