వదిన తిప్పి పంపిన మెయిల్

మా ఇంట్లో ఎవర్నీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. వాట్‌గంజ్‌లో మాది ఓడరేవు పనివాళ్ళ వీధి. అన్నయ్య అందరికీ దాదా, బెంగాలీలో అన్న అని. వదిన ఇరుగుపొరుగు బెంగాలీ వాళ్ళకి బౌదీ, నాకు వదిన, అన్నయ్యకైతే "ఇదిగో". ఆమెకి ఒక పేరుందని రేషన్ కార్డుకి, బ్యాంకుకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఇంటిపేరుతో సహా ఎవరైనా పిలిచారంటే పోలీసైనా అయ్యుండాలి, కోర్టు నోటీసైనా అయ్యుండాలి. ఈ మర్యాదే మా కొంప ముంచింది.

వదినది నర్సాపురం వైపు. లేసు అల్లిక పుట్టింటి విద్య. నేను కాలేజీలో ఉండగా ఆమెని పక్క పేట ఖిదిర్‌పూర్ సైబర్ కేఫ్‌లో కూర్చోబెట్టి లేసుల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టించాను. విదేశాల వాళ్ళు కొనేవారు. డబ్బు ఒక ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ ద్వారా వచ్చేది. ఏడాది తిరిగేసరికి వదిన నడకే మారిపోయింది. కేఫ్‌కి ఒక్కతే వెళ్ళొచ్చేది, అన్నం వడ్డిస్తూ కూడా ఆర్డర్ల కబుర్లే చెప్పేది.

ఒకరోజు ఆ కంపెనీ పేరుతో ఓ మెయిల్ వచ్చింది. "ప్రియమైన కస్టమర్, మీ ఖాతా ఆగిపోబోతోంది. ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి" అని. వదినకి అనుమానమొచ్చి అన్నయ్యని తీసుకెళ్ళి చూపించింది.

"పేరెట్టకండా ఎంత గౌరవంగా రాసినారో సూడు. అసలుదే," అన్నాడు అన్నయ్య.

కంపెనీ నుంచి నిజంగా వచ్చే మెయిళ్ళలో వదిన పేరు ఇంటిపేరుతో సహా ఉండేది. అవి చూసినప్పుడల్లా ఇద్దరూ హడలిపోయేవారు. ఈ దొంగది మాత్రం వాళ్ళకి పెద్దమనిషిలా కనిపించింది. వదిన నొక్కింది. ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది.

అప్పటికి నాకు కంప్యూటర్ ఆఫీసులుండే సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం. ఎవరికైనా ఇలాంటి దొంగ మెయిల్ వస్తే వాళ్ళు దాన్ని ఆ చెల్లింపుల కంపెనీకే తిప్పి పంపుతారు. వాటిని చూసే పని ఆ కంపెనీ మా ఆఫీసుకి అప్పగించింది. తెరవాలి, అసలుదో నకిలీదో తేల్చాలి, మీట నొక్కాలి. నొక్కగానే ముందే రాసిపెట్టిన జవాబు దానంతటదే వెళ్ళిపోతుంది. మొదట్లో కొన్ని మళ్ళీ మళ్ళీ చదివి బాధపడేదాన్ని. తర్వాత ఏమీ అనిపించకుండా పోయింది. బంద్ అంటే ముందురోజే పిలిచి ఆఫీసులోనే పడుకోబెట్టేవారు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. ఏ కంపెనీ పని చేస్తున్నామో ఇంట్లో కూడా చెప్పకూడదని చేరినరోజే సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లో నాది "కంప్యూటర్ పని", అంతే.

వదిన ఏడుస్తూ చెప్పినప్పుడు కూడా ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడాను. "అలాంటివి వస్తే ఈ అడ్రసుకి తిప్పి పంపు వదినా. ఒక్కటి గుర్తుపెట్టుకో. అసలు కంపెనీ నిన్ను పేరుతో పిలుస్తుంది. పేరు పెట్టనివాడు దొంగ."

వదిన బుద్ధిగా విని, బుద్ధిగా పంపింది. మా జవాబు వెళ్ళింది. "ప్రియమైన కస్టమర్, ధన్యవాదాలు." మా జవాబులో పేరు పెట్టే ఏర్పాటే లేదు మరి. వదిన దాన్నీ దొంగదే అనుకుని తిప్పి పంపింది. దానికీ అదే జవాబు. అదీ తిరిగొచ్చింది.

"ఆ జవాబు అసలుదే వదినా," అన్నాను ఇంట్లో.

"నీకెలా తెలుసమ్మా?"

చేరినరోజు పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

"మీ అన్నయ్యగారూ ఇలాగే అన్నారు," అంది వదిన. కోపమేమీ లేదు ఆ మాటలో.

లేసు సూది దారపుండలో గుచ్చి అటకెక్కించేసింది. కేఫ్‌కి మాత్రం వెళ్ళేది, వచ్చినవన్నీ మా అడ్రసుకి తిప్పి పంపడానికి. ఎవరైనా లేసు అడిగారా అని నేను కదిపితే, "అందరూ దొంగలేనమ్మా" అనేది.

ఒక మధ్యాహ్నం వదిన పంపిన మెయిల్ నా తెర మీదికే వచ్చింది. తెరిస్తే అది దొంగది కాదు. మొదటినుంచీ కొంటున్న ఒకావిడ రాసింది. "ప్రియ నేస్తమా, నా మనవరాలి పెళ్ళి మేలిముసుగుకి నీ చేతి లేసే కావాలి. రెండుసార్లు రాశాను. ఒంట్లో బాగాలేదా? ఈసారీ జవాబు రాకపోతే ఇంకెవరినైనా చూసుకోవాలి." పేరు లేదు కాబట్టి వదిన లెక్కలో ఆవిడా దొంగే.

చాలా నెలల తర్వాత ఒక మెయిల్ రెండోసారి చదివాను. ముందే రాసిపెట్టిన జవాబు చెరిపేశాను. వదిన పేరు ఎదురుగానే ఉంది, మెయిల్ అడ్రసు పక్కనే. ఆ పేరు ఒక్కటి రాస్తే చాలు, నమ్మేది. నమ్మమని నేర్పింది నేనే. మొదటి అక్షరం కొట్టాను. వేళ్ళు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక నోట రాని పేరు, వదినని పేరు పెట్టి పిలవడమేంటి! అది చెరిపి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. "వదినా, ఇది అసలుదే. ఆవిడకి జవాబు రాయి."

సంతకం లేకుండా పంపాను.

కేఫ్ నుంచి తిరుగు టపా మర్నాడే వచ్చింది. నేను రాసిందే, పైన వదిన చేర్చిన రెండు ముక్కలతో. "ఈ దొంగలకి మా ఇంట్లో పిలుపు కూడా తెలిసిపోయింది. దయచేసి పట్టుకోండి."

ఆఫీసు రూలు ప్రకారం కంపెనీ రాయనిదేదైనా నకిలీయే. వదిన చెప్పిందే రైటు. నకిలీ అని నొక్కాను. "ప్రియమైన కస్టమర్, ధన్యవాదాలు" వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర వదిన ముఖం వెలిగిపోతోంది. "ఈసారి నేను పడలేదండీ," అని అన్నయ్యకి వడ్డిస్తూ చెప్పింది.

"మరేటనుకున్నావు! దెబ్బ తిన్నోలికే తెలివొస్తది," అన్నాడు అన్నయ్య.

పెళ్ళి ముసుగు ఆవిడ ఇక మళ్ళీ రాయదు.

"వదినా," అన్నాను.

"ఏంటమ్మా?" అంది, గరిటె పట్టుకుని వెంటనే నా వైపు తిరిగి.

మజ్జిగ పొయ్యమన్నాను.